సవరణ: మంచు అంగుళం, వాన అంగుళం ఒకటి కావు

1978 ఫిబ్రవరి 6, 7 తేదీల్లో బోస్టన్‌ను ముంచెత్తిన మంచు తుపాను గురించి నిన్న రాశాను కదా. అక్కడ పడిన 27.1 అంగుళాల మంచు మన విజయవాడలో 27 అంగుళాల వానతో సమానం అన్నాను. అది తప్పు. లెక్క చూసుకోకుండా రాసేశాను.

మంచు కొలత సరైనదే. పోలికే తేడా. వాతావరణ శాఖల వాళ్లు వాడే ఉజ్జాయింపు ప్రకారం సుమారు 10 అంగుళాల మంచు కరిగితే 1 అంగుళం నీళ్లు. తడి మంచైతే కాస్త ఎక్కువ, పొడిదైతే తక్కువ. ఆ లెక్కన బోస్టన్‌ది మూడు అంగుళాల లోపే, అంటే దాదాపు 70 మిల్లీమీటర్లు. మనకు గట్టి వాన పడితే ఒక్క సాయంత్రం పని!

అనుమానం తీరక ఫ్రీజర్‌లో గీకిన మంచు స్టీలు గ్లాసు నిండా వేసి చూశా. అది కాస్త గట్టి మంచు, అయినా కరిగాక పావు గ్లాసే మిగిలింది.