తేదీ ఎవరి చేతిలో ఉంది?

రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా అమ్మ ఇంటికి 11,840 రూపాయల కరెంటు బిల్లు వచ్చింది. రెండు గదుల ఇల్లు, అమ్మ ఒక్కతే ఉంటుంది. ఫ్రిజ్, టీవీ, రెండు ఫ్యాన్లు, అంతే. అంతకుముందు ఏ నెలా 500 దాటలేదు. పక్కింటావిడను తోడు తీసుకుని కరెంటాఫీసుకు వెళ్తే కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే చెప్పాడట: "ముందు కట్టెయ్యండి మామ్మగారూ, తేడా ఏమన్నా ఉంటే వచ్చే బిల్లులో సర్దేస్తాం." మర్నాడు లైన్‌మన్ వచ్చాడు. "నన్నేం చెయ్యమంటారు చెప్పండి, పైనుంచి లిస్టిచ్చారు. రేపు సాయంత్రానికి కట్టకపోతే ఫ్యూజు పీకాల్సిందే" అన్నాడు. నిజానికి ఆ బిల్లు కట్టడానికి ఇంకా ఐదు రోజుల గడువుంది. ఫోన్లో అమ్మ గొంతులో భయం కన్నా సిగ్గే ఎక్కువ వినిపించింది. నలభై ఏళ్లుగా ఉంటున్న వీధిలో, అందరూ చూస్తుండగా తన ఇంటికి కరెంటు తీసేస్తారేమోనని.

నేను వెళ్లాక పాత బిల్లుల కవరు తీశాం. అమ్మ ఒక్కటీ పారేయలేదు. కానీ సగానికి పైగా తెల్లకాగితాలైపోయాయి. స్పాట్ బిల్లింగ్ మెషిన్ ఇచ్చే స్లిప్పు వేడికి అచ్చుపడే రకం, కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి. రీడింగు లేదు, కట్టిన మొత్తం లేదు, తేదీ లేదు. మనకూ కంపెనీకీ మధ్య లావాదేవీకి మన దగ్గరుండే సాక్ష్యం అదొక్కటే.

చట్టం అమ్మ పక్షానే ఉంది. విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 56 ప్రకారం బకాయి పేరుతో కనెక్షన్ తీసేయాలంటే పూర్తిగా 15 రోజుల గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. లైన్‌మన్ నోటిమాట నోటీసు కాదు. అదే సెక్షన్లో ఇంకో మాట ఉంది, దాన్ని ప్రతి బిల్లు వెనకా తెలుగులో అచ్చు వెయ్యాలని నా కోరిక. బిల్లు మీద తగాదా ఉన్నప్పుడు కంపెనీ అడిగిన మొత్తం, గడిచిన ఆరు నెలల సగటు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసి కడితే చాలు. తగాదా తేలేదాకా కరెంటు తీయకూడదు. అమ్మ విషయంలో ఆ సగటు 460 రూపాయలు.

460 కడతామంటే కంప్యూటర్ తీసుకోదన్నారు. ఫోన్లో యాప్ తెరిచినా పూర్తి మొత్తమే చూపిస్తోంది, తగ్గించి కట్టే వీలే లేదు. సెక్షన్ నంబరుతో సహా ఒక పేజీ దరఖాస్తు రెండు కాపీలు రాశాను. ఒకటి తీసుకున్నారు. రెండోదాని మీద స్టాంపు వెయ్యమంటే "అక్కడ పెట్టి వెళ్లండి, సార్ చూస్తారు" అన్నారు. నేను కదల్లేదు. నలభై నిమిషాల తర్వాత ఇన్‌వార్డు నంబరూ తేదీ వేసి సంతకం పెట్టిచ్చారు. ఆ స్టాంపు పడ్డాకే అదే ఆఫీసులో మాట తీరు మారింది. 460 కట్టించుకున్నారు. మీటరు చూడ్డానికి మనిషి వచ్చాడు. రీడింగులో ఒక అంకె తప్పు కొట్టారు, అంతే. తొమ్మిది రోజుల్లో బిల్లు సరిచేశారు.

ఆ నలభై నిమిషాలు నిలబడి ఆలోచిస్తే నాకు తట్టింది ఇది: మన హక్కులన్నిటినీ చట్టం గంటల్లోనో రోజుల్లోనో కొలిచి ఇచ్చింది. 48 గంటలు, 15 రోజులు, 30 రోజులు, రెండేళ్లు. ఆ లెక్క ఎప్పుడు మొదలైందో రాసే పుస్తకం మాత్రం జవాబు చెప్పాల్సిన వాళ్ల దగ్గరే ఉంది. తేదీ పడనంత కాలం ఆలస్యమన్నదే ఉండదు, ఆలస్యం లేకపోతే పరిహారమూ ఉండదు.

పల్లెల్లో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చూడండి. 2004లో ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి సేవా ప్రమాణాలు నిర్ణయించింది. పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి. ఫ్యూజు పోతే పట్టణాల్లో 4 పనిగంటలు, పల్లెల్లో 12 పనిగంటలు. గడువు దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. ఇక పొలంలో జరిగేది రైతులందరికీ తెలుసు. వరి పొట్ట మీదుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తారు. ఆ ఫోనుకు నంబరు ఉండదు, రసీదు ఉండదు. దాని కింద మోటార్లున్న రైతులంతా తలా ఇంత చందా వేసుకుంటారు, తామే దించి ట్రాక్టర్‌కెక్కించి రిపేరు సెంటర్‌కు తోలుకెళ్తారు, ఆయిలు పోయించుకుని, క్యూలో ఉండి, మళ్లీ తెచ్చి తామే ఎక్కిస్తారు. రవాణా ఖర్చుతో సహా ఇదంతా కంపెనీ బాధ్యత. నాలుగో రోజో ఐదో రోజో కరెంటు వస్తుంది. కంపెనీ రికార్డులో ఆ ఐదు రోజులూ ఎక్కడా కనపడవు, ఎందుకంటే ఫిర్యాదు రాసుకున్నదే ట్రాక్టర్ వచ్చిన రోజున. అదే రైతు పొలం గట్టు మీంచి 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకుని ఉంటే 48 గంటల లెక్క ఆ క్షణం నుంచే మొదలయ్యేది. అప్పుడు కూడా చందా వేసుకోవాల్సి రావచ్చు. కానీ అడగడానికి ఒక తేదీ చేతిలో ఉంటుంది.

కొత్త కనెక్షన్లలోనూ ఇదే కథ. కేంద్రం 2020 డిసెంబరు 31న విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చింది, 2024 ఫిబ్రవరిలో గడువులు ఇంకా తగ్గించింది. మహానగరాల్లో 3 రోజులు, మిగతా పట్టణాల్లో 7 రోజులు, గ్రామాల్లో 15 రోజులు. చట్టంలోని సెక్షన్ 43 అయితే గడువు దాటిన ప్రతి రోజుకూ వెయ్యి రూపాయల దాకా జరిమానా అంటుంది. అయితే ఆ గడువులు 'అన్ని విధాలా పూర్తయిన దరఖాస్తు' అందిన రోజు నుంచి మొదలవుతాయి. పూర్తయిందో లేదో తేల్చేది ఎవరు? ఎస్టిమేటు వెయ్యలేదంటే దరఖాస్తు పూర్తి కానట్టే. ఎస్టిమేటు వెయ్యాల్సింది మాత్రం వాళ్లే. వ్యవసాయ కనెక్షన్ కోసం డీడీ కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసే రైతులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఒక మాట. 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది: కరెంటు కనీస సౌకర్యం, ఇంటి యజమాని అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న సాకుతో అద్దెకున్నవారికి కనెక్షన్ నిరాకరించకూడదు. ఇక 2023 జనవరిలో తెలంగాణలో బిల్లుల మీద ఏసీడీ పేరుతో అదనపు డిపాజిట్ వేసినప్పుడు జనం గగ్గోలు పెట్టారు. డిపాజిట్ అడగడం చట్టబద్ధమే. దానిమీద ఏటా వడ్డీ ఇవ్వడమూ అంతే చట్టబద్ధం, సెక్షన్ 47లో ఉంది. ఆ వడ్డీ మన బిల్లులో జమైందో లేదో ఎంతమందిమి చూసుకున్నాం?

పాత బకాయిల దగ్గర తేదీ ఇంకా పెద్ద పాత్ర పోషిస్తుంది. సెక్షన్ 56(2) ప్రకారం బకాయి కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటితే వసూలు చేయకూడదు, దాన్ని బిల్లుల్లో ఎప్పటికప్పుడు చూపిస్తూ వస్తే తప్ప. మరి కంపెనీయే టారిఫ్ కోడ్ (ఏ రేటు వెయ్యాలో చెప్పే గుర్తు) తప్పు వేసి తక్కువ వసూలు చేసి, ఏళ్ల తర్వాత నిద్ర లేస్తే? రాజస్థాన్ నుంచి వచ్చిన రహమతుల్లా ఖాన్ కేసులో 2009 జులై నుంచి 2011 సెప్టెంబరు దాకా వాడిన కరెంటుకు 2014లో అదనపు బిల్లు వేశారు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం: తప్పు బయటపడ్డాక అదనపు బిల్లు వెయ్యొచ్చు, కానీ ఆ డబ్బు కోసం కరెంటు తీసేయడానికి వీల్లేదు. ఆ మరుసటి ఏడు ప్రేమ్ కాటెక్స్ కేసులో కోర్టు కంపెనీల వైపు ఇంకొంచెం మొగ్గింది. ఇలా తక్కువ లెక్క కట్టిన మొత్తానికి రెండేళ్ల పరిమితే అడ్డు రాదంది. నాకిది న్యాయంగా అనిపించదు. తప్పు చేసింది కంపెనీ. పదేళ్ల నాటి రీడింగు తప్పో ఒప్పో తేల్చుకోవడానికి వినియోగదారుడి దగ్గర మిగిలేది అక్షరాలు చెరిగిపోయిన స్లిప్పులే.

దొంగతనం, అనధికార వాడకం ఆరోపణలది వేరే దారి. అనధికార వాడకానికి సెక్షన్ 126 కింద లెక్కగట్టి వేసిన మొత్తం (అసెస్‌మెంటు) మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదని 2013లో అనీస్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తుది ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో, సగం సొమ్ము కట్టి సెక్షన్ 127 కింద అప్పీలు చేసుకోవాలి. ఈ 30 రోజులు మాత్రం ఎవరూ గుర్తుచేయరు.

మిగతా తగాదాలకు ప్రతి డిస్కంలోనూ, అంటే కరెంటు పంపిణీ కంపెనీలోనూ, వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసిస్తే చాలు. కేంద్ర నిబంధనల ప్రకారం ఏ ఫిర్యాదైనా 45 రోజులకు మించి నానకూడదు. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే పైస్థాయిలో ఫిర్యాదు వినడానికి విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ప్రభుత్వరంగ సంస్థ కాబట్టి డిస్కంకు సమాచార హక్కు చట్టమూ వర్తిస్తుంది. దరఖాస్తు ఫీజు గ్రామస్థాయిలో లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. అందులో అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నది: ఫలానా తేదీన నేనిచ్చిన దరఖాస్తు ఎవరెవరి టేబుల్ మీదికి వెళ్లింది, ఒక్కోచోట ఎన్ని రోజులుంది? 30 రోజుల్లో జవాబు రావాలి. చాలాసార్లు ఆ జవాబు కన్నా ముందే పని జరిగిపోతుంది. రెవెన్యూ ఆఫీసులో పాస్‌బుక్ దగ్గర్నుంచి మున్సిపాలిటీలో కుళాయి కనెక్షన్ దాకా ఈ ప్రశ్న ఎక్కడైనా పనిచేస్తుంది. దానికీ తేదీ ఉన్న రసీదు కావాలి.

లైన్‌మన్ల మీద నాకు కోపం లేదు. వానలో స్తంభమెక్కేది వాళ్లే, జనం తిట్లు తినేదీ వాళ్లే. పంచాయతీలు, ప్రభుత్వ శాఖలు డిస్కంలకు పడ్డ బకాయిలు కోట్లలో ఉంటాయి. వాటి ఫ్యూజు పీకమని ఏ లైన్‌మన్‌కూ లిస్టు ఇవ్వరు. జవాబు చెప్పాల్సింది ఆ లిస్టు తయారుచేసే స్థాయిలో. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే చెప్పింది. పౌరుణ్ని వేధించినందుకు ఇచ్చే పరిహారం ఖజానా నుంచి పోతే దాన్ని భరించేది మళ్లీ ప్రజలే, కాబట్టి బాధ్యులెవరో తేల్చి ఆ సొమ్ము వాళ్ల దగ్గరే రాబట్టాలంది. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట కింది ఆఫీసులకు దిగలేదు.

ఇప్పుడు స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి. కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో నిమిషంతో సహా అవి నమోదు చేస్తాయి. దూరం నుంచి గమనించగలిగిన లోపాలకు పరిహారం దానంతట అదే బిల్లులో జమ కావాలని 2020 నిబంధనల్లో ఉంది. అంటే ఫోన్ చేయలేని ముసలివాళ్లకూ, చదువు రాని రైతుకూ తేదీ దొరికే అవకాశం మొదటిసారి వచ్చింది. ఆ నమోదు మన ఫోన్‌కు కూడా చేరితేనే ఇది నిజమవుతుంది. లేదంటే పుస్తకం పోయి సర్వర్ వస్తుంది, అదీ వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఛార్జీలు ఖరారయ్యే ముందు నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. ఎవరైనా అభ్యంతరాలు రాసి పంపొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపును ఎదిరిస్తూ పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలిచ్చిన నేల ఇది. ఆ విచారణ హాల్లో కుర్చీలు ఖాళీగా ఉండకూడదు. ఈసారి రేట్లతో పాటు ఇంకో రెండు విషయాలు కూడా అడుగుదాం. గడువు దాటినందుకు గత ఏడాది ఏ కరెంటు సెక్షన్ ఆఫీసు పరిధిలో ఎంతమందికి పరిహారం ఇచ్చారు, కౌంటర్లో తీసుకున్న ప్రతి కాగితానికీ తేదీతో రసీదు ఎప్పటినుంచి ఇస్తారు?