మార్కులు బైండింగ్‌కా, పనికా?

ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే మూడు వ్యాపారాలు కళకళలాడతాయి. జిరాక్సు, బైండింగ్, అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు. సొంతంగా చేసే బృందాల్లోనూ కోడ్ రాసేది ఒకరు, వైవాలో వరుసగా నిలబడేది నలుగురు. ఈ సంగతి గైడుకు తెలుసు, బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ పరీక్షకుడికి తెలుసు. ఫీజు కట్టిన తల్లిదండ్రులకే తెలియదు. దీనికి మరో కమిటీ అక్కర్లేదు. ప్రాజెక్టు మొదలైన రోజే బృందం ఉమ్మడి రిపాజిటరీ (కోడ్‌నూ, దానిలో జరిగిన ప్రతి మార్పు చరిత్రనూ భద్రపరిచే చోటు) తెరవాలి, ప్రతి ఒక్కరూ దాన్ని ఫోర్క్ చేసుకుని, అంటే తమ ఖాతాలోకి నకలు తీసుకుని, తమ ప్రతిలోనే పని చేయాలి, మార్కులు ఆ చరిత్ర చదివి వేయాలి.

ఇలాంటి రిపాజిటరీలు ఉంచే వెబ్‌సైటు గిట్‌హబ్ మా దగ్గర ఎప్పటి నుంచో ఉందనే కాలేజీలకు కొదవ లేదు. ఎలా ఉందో చూడండి. వైవా ముందురోజు రాత్రి, వాట్సాప్ గ్రూపులో తిరిగి తిరిగి అలసిన ‘ఫైనల్-కొత్తది-2’ అనే జిప్ ఫైలును విప్పి ఒకే ఒక్క కమిట్‌గా, అంటే ఒకే మార్పుగా నమోదు చేసి, ఎక్కిస్తారు. దాంతోపాటు డేటాబేస్ పాస్‌వర్డు కూడా వెళ్తుంది. తెల్లవారి ఎవరో గమనించి ఆ ఫైలు తొలగిస్తారు. పాత కమిట్‌లో మాత్రం అది భద్రంగానే ఉంటుంది. ఈ చరిత్రను నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2005లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ రాసింది ఫైళ్లు దాచుకోవడానికి కాదు. ముఖాలు ఎరగని మనుషులు లోకంలో ఎక్కడెక్కడి నుంచో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌కు పంపే మార్పులను, ఎవరిది ఏదో తెలిసేలా కలపడానికి.

ఒకే రిపాజిటరీలో బ్రాంచులు, అంటే ఒకే కోడ్‌కు విడివిడి పాయలు, చాలవా, మళ్లీ ఫోర్కులెందుకని కంపెనీల్లో పనిచేసేవారు అడుగుతారు. కంపెనీలో చాలు. విద్యార్థుల బృందంలో అందరికీ రాసే హక్కు ఇస్తే, గడువు ముంచుకొచ్చిన వేళ ఎవరో ఒకరు ఫోర్స్ పుష్ కొడతారు, అంటే ఉమ్మడి ప్రతి మీద తమ ప్రతిని బలవంతంగా రుద్దుతారు, మిగతావారి పని మెయిన్ బ్రాంచ్ (ప్రధాన పాయ) నుంచి మాయమవుతుంది. మెయిన్‌కు తాళం వేద్దామంటే, గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ప్రైవేటు రిపాజిటరీకి ఆ సౌకర్యం లేదు. కాబట్టి గిట్‌హబ్‌లో ఆర్గనైజేషన్ (బృందపు ఉమ్మడి ఖాతా) తెరిచి, ప్రైవేటు ఫోర్కులకు అనుమతినిచ్చి, సభ్యులకు చదివే హక్కుతో సరిపెట్టాలి. వచ్చిన మార్పులను మెయిన్‌లో కలిపే, అంటే మెర్జ్ చేసే, బాధ్యత వంతులవారీగా మారాలి. లేకపోతే అక్కడా ఒకరే పెత్తందారు అవుతారు.

ఫోర్క్‌లో రాసింది ఉమ్మడి ఇంట్లోకి రావాలంటే పుల్ రిక్వెస్ట్ పెట్టాలి, అంటే నా మార్పు కలపండని అడగాలి. అడిగితే అవతలివారు చదవాలి. అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. ‘ఫోన్ నంబరులో పది అంకెలు లేకపోతే లాగిన్ ఆపాలి’ అని ఒకరు మార్పు పంపుతారు. ‘ముందు 91 చేర్చి కొడితే పన్నెండవుతాయి కదా, అప్పుడు?’ అని సహవిద్యార్థి కింద రాస్తారు. మొదటివారు సరిదిద్ది మళ్లీ పంపుతారు. ఎనభై పేజీల రికార్డులో ఇలాంటి ఒక్క ప్రశ్న ఉంటుందా? అందులో ఉండేది మొదటి పేజీలో కృతజ్ఞతలు, చివర కోడ్ అచ్చు.

కమిట్‌లకు మార్కులంటే విద్యార్థులు కమిట్‌లే పండిస్తారన్న అభ్యంతరం నిజమైనదే. అందరికీ తెరిచిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు తోడ్పడమని ఏటా అక్టోబరులో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు అన్నందుకు, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైళ్లలో ఒకటీ అరా మాటలు చేర్చి పంపినవారితో ప్రాజెక్టుల నిర్వాహకులు విసిగిపోయారు. నిర్వాహకులు సమ్మతించిన రిపాజిటరీలకే లెక్క అని నెల మొదట్లోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. పైగా గిట్ కమిట్‌లో పేరు, తేదీ ఎవరైనా ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు. అందుకే కమిట్‌లు లెక్కపెట్టవద్దు, పుల్ రిక్వెస్టులు చదవండి. అది పెట్టిన ఖాతా, పెట్టిన సమయం సర్వర్‌లో నమోదవుతాయి. చదవడానికి తీరిక లేదంటారా? ఆ ఎనభై పేజీలు మాత్రం ఎవరు చదువుతున్నారు?

నిజానికి మన రోగం ప్రాజెక్టుతో మొదలు కాలేదు. సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని, జరగని ప్రయోగానికి రీడింగులు రాసే అలవాటు ఇంటర్ ల్యాబుల నుంచే వస్తోంది. నకలు చేయడం తప్పని చెబుతూనే, నకలు తప్ప దారిలేని ఏర్పాటు చేశాం. ఫోర్క్ ఆ నకలుకే గౌరవం తెస్తుంది. ఏ రిపాజిటరీ నుంచి వచ్చిందో పేరు కిందే కనిపిస్తుంది, కొత్తగా చేర్చింది ఏదో వరుస వరుసా తేలుతుంది. హాస్టల్ హాజరు యాప్‌ను ఏటా ఒక బ్యాచ్ సున్నా నుంచి మొదలుపెట్టడం, లేదా దొంగచాటుగా కొనుక్కోవడం దేనికి? సీనియర్లు వెళ్లేటప్పుడు ఎవరైనా వాడుకోవచ్చని అనుమతినిచ్చే ఎంఐటీ లైసెన్స్ ఫైలు చేర్చి, రిపాజిటరీని పబ్లిక్ చేసి వెళ్లాలి. లైసెన్స్ లేకపోతే కాపీరైట్ వారిదే, జూనియర్లు చట్టప్రకారం వాడుకోలేరు. ఆ తర్వాత వైవాలో ఎక్స్‌టర్నల్ ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు వేస్తే చాలు: పాత బ్యాచ్ కోడ్‌లో మీరు మార్చినది ఏది? మీ బృందం తిప్పి పంపిన మీ పుల్ రిక్వెస్ట్ ఏది, ఎందుకు?