సైడ్ ఏ చివర తెగిన లాలిపాట

ఫోన్‌లో ‘ఓ పాపా లాలీ’ ఎప్పుడు విన్నా సగం దాటాక ఒక చోట నా చెవికి ‘టక్’మని వినిపిస్తుంది. పాటలో ఆ చప్పుడు లేదు. 1992లో హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో నేను నింపించుకున్న క్యాసెట్‌లో ఉండేది. 60 నిమిషాల టేపు, పక్కకు 30. ‘గీతాంజలి’ పాటలేమో ఏడు. ఏడూ ఒకే పక్కకు పట్టవని దుకాణాయనకు తెలుసు, నాకు తెలియదు. ఆయన చెప్పలేదు. వరసలో ఆఖరున వేసింది లాలిపాట. అది సగంలో ఉండగానే టేపు అయిపోయి ప్లే బటన్ టక్కున పైకి లేచేది. కొన్నేళ్లపాటు ఆ లాలి నాకు అంతవరకే తెలుసు.

మొన్న మా అమ్మాయి అడిగింది, “డాడీ, నీ ఫేవరెట్ ఆల్బమ్ ఏది?” అని. ‘గీతాంజలి’ అనబోయి ఆగాను. నేను నిజంగా ప్రేమించింది ఆ సినిమా పాటల్ని మాత్రమే కాదు. ఒక పక్క ‘గీతాంజలి’, రెండో పక్క ‘క్షణం క్షణం’, మిగిలిన నాలుగైదు నిమిషాల ఖాళీలో దుకాణాయన తనకు తోచి ఎక్కించిన ఒక నాట్ల పాట. ఇవన్నీ కలిసిందే నా ఆల్బమ్. అది ఏ కంపెనీ విడుదల చేయలేదు. ఏ యాప్‌లోనూ దొరకదు. అట్లా నింపించుకోవడం దొంగతనం కిందికే వస్తుందని తెలుసుకునే సరికి టేప్ రికార్డరే మూలకు పడింది.

తెలుగులో ఆల్బమ్ అంటే సినిమా పాటలే. ఇంగ్లిష్ పాటగాళ్ల మాదిరి ఏ పాట తర్వాత ఏది రావాలో సంగీత దర్శకుడు కూర్చుని ఆలోచించి పేర్చిన సంపుటాలు మనకు తక్కువ. సినిమాలో సందర్భానికి తగ్గట్టు పాట పుడుతుంది. క్యాసెట్ మీద వాటి వరస మాత్రం ఆడియో కంపెనీ వాళ్లో, మాలాంటి వాళ్ల విషయంలో దుకాణాయనో వేస్తారు. కాబట్టి ‘ఈ తరం ఆల్బమ్‌ను చంపేసింది’ అని మా వయసు వాళ్లు అంటుంటే నాకు పూర్తిగా ఒప్పబుద్ధి కాదు. లేనిదాన్ని ఎవరు చంపుతారు? పోయింది ఇంకొకటి. వద్దనుకున్న పాట కూడా వినక తప్పని పరిస్థితి పోయింది.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే టేప్ రికార్డర్ సెల్లుల (బ్యాటరీల) దగ్గరికి రావాలి. పరకాల దగ్గర మా ఊళ్లో ఎండాకాలం కరెంటు ఉండేది తక్కువ. టేప్ రికార్డర్ నాలుగు పెద్ద సెల్లుల మీద నడిచేది. సెల్లులు డౌన్ అయ్యే కొద్దీ బాలు గొంతు బరువెక్కేది, చిత్ర గొంతు మగ గొంతు అయ్యేది. అప్పుడు సెల్లులు తీసి మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టేవాళ్లం. మళ్లీ రెండు మూడు పాటలకు ప్రాణం వచ్చేది. పాటను ముందుకు తిప్పితే సెల్లులు ఇంకా తొందరగా అయిపోతాయి. అందుకే ఫార్వర్డ్ బటన్ నొక్కితే మా అన్న చెయ్యి మీద కొట్టేవాడు. పెన్సిల్ పెట్టి తిప్పొచ్చు గానీ ఎక్కడ ఆపాలో తెలియదు. దాంతో నాకు నచ్చని ‘జగడ జగడ జగడం’ కూడా వందల సార్లు విన్నాను. మూడో నెలకో నాలుగో నెలకో అందులోని కుర్రతనం వెనక ఉన్న మొండితనం తెలిసింది. చావు దగ్గర్లో ఉందని తెలిసినవాడి కథకు ముందు పెట్టిన హుషారు అది. ఇష్టం పుట్టడానికి నాకంత కాలం పట్టింది. ఇప్పుడైతే పది సెకన్లు విని తీసేసేవాణ్ని.

‘గీతాంజలి’ 1989లో వచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒక్క సినిమా అది. ఇళయరాజా సంగీతం, పాటలన్నీ వేటూరివే. ‘ఓం నమః’ పాటలో గుండె చప్పుడునే తాళంగా వాడుకున్నారు. ఆ సంగతి నాకు మొదట తెలియలేదు, మా టేప్ రికార్డర్ స్పీకర్‌లో అది వినిపించేంత లోతు లేదు. మా మామ ఇంట్లో పెద్ద డెక్కు ఉండేది. మొదటిసారి దాంట్లో విన్నప్పుడు బల్ల మీద చెయ్యి పెడితే అదిరింది. ప్రేమికులిద్దరూ బతికేది కొద్ది రోజులే అన్న కథకు గుండె చప్పుడు తాళమైతే, ఆ తాళం ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోవాలి గదా. సంగీతం తెలియని నాకే ఆ మాట బల్ల మీది చేతిలోంచి అందింది.

అదే సినిమాలో ‘నందికొండ వాగుల్లో’ అనే పాట ఉంది. సినిమా అంతా ఊటీ మంచులో నడుస్తుంది. పాటలో మాత్రం నందికొండ! నాగార్జునసాగర్ కట్టిన చోట ఉన్న ఊరి పేరు అది. మా నాన్నకు ఆ పాట వస్తే నవ్వు ఆగేది కాదు. “ఊటీల నందికొండ ఎక్కడిదిరా?” అనేవాడు. వేటూరికి ఆ పేరు చెవికి బాగుంది, రాసేశారు, అంతే అనుకుంటాను. పాట వినేవాళ్లు దానికి మ్యాప్ ఏమీ వెతుక్కోరు.

ఇక టేపు తిప్పితే రెండో పక్క. 1991లో వచ్చిన ‘క్షణం క్షణం’, కీరవాణి. దుకాణాయన ఏమనుకుని పెట్టాడో గానీ ఆ పక్క మొదలయ్యేది ‘జామురాతిరి జాబిలమ్మా’తో. అది కూడా లాలే, సిరివెన్నెల రాసింది. ఇటు లాలి సగంలో తెగింది, టేపు తీసి తిప్పి పెడితే అటు ఇంకో లాలి మొదలైంది. ఒకదాంట్లో చావు నీడ, ఒకదాంట్లో తరుముకొస్తున్న దొంగల భయం, చుట్టూ అడవి. ఇళయరాజా లాలిలో నీళ్ల మీద పడవ ఊగినట్టు ఉంటుంది. కీరవాణి లాలి ఎదుటి మనిషి బెదురుతుందేమోనని మెల్లగా మాట్లాడినట్టు మొదలవుతుంది. ఈ రెండూ పక్కపక్కన లేకపోతే ఆ తేడా నాకు తట్టేదే కాదు. సిరివెన్నెల, వేటూరి ఇద్దరిలో ఎవరు గొప్ప అని హాస్టల్‌లో రాత్రుళ్లు కొట్లాడుకునే వాళ్లం. నా దగ్గర మాత్రం ఇద్దరి లాలిపాటల మధ్య ‘టక్’మనే చప్పుడు ఒక్కటే ఉండేది.

ఆ రెండో పక్క సంగీత దర్శకుడే 2023లో ఆస్కార్ వేదిక ఎక్కినప్పుడు, పక్కన మన చల్లగరిగె ఊరి పాటల రచయిత చంద్రబోస్ ఉన్నారు. 1995లో ‘తాజ్‌మహల్’తో పాటల్లోకి వచ్చిన మనిషి. ఆ పొద్దు వరంగల్‌లో చాలామంది టీవీల ముందున్నారు. నేను అటకెక్కి ఆ క్యాసెట్ వెతికాను. దొరికింది. టేపంతా బూజు పట్టి ఉంది.

క్యాసెట్‌ను ఇంతగా పొగుడుతున్నాను గానీ, అది మాకు చేసిన నష్టం కూడా ఒకటుంది. మా వాడకట్టులో ఒక పెద్దమ్మ ఉండేది. బతుకమ్మ తొమ్మిది రోజులూ ముందు పాట ఆమెదే. ఆమె ఒక చరణం అందుకుంటే మిగతా ఆడవాళ్లు ‘ఉయ్యాలో’ అని అందించేవాళ్లు. పాట ఎంతసేపు సాగాలో ఆమె ఇష్టం. పెత్రామాస నాడు మొదలుపెట్టిన కథను సద్దుల నాటికి గానీ పూర్తి చేసేది కాదు. ఎవరింట్లో చావు జరిగిందో, ఎవరి బిడ్డకు పెళ్లి కుదిరిందో కూడా పాటలో చేరిపోయేది. తొంభైల చివర్లో బతుకమ్మ పాటల క్యాసెట్లు వచ్చాయి, సౌండ్ బాక్సులు వచ్చాయి. మొదటి ఏడాది ఆమె కూడా సంబురంగానే విన్నది. రెండో ఏడాది కూర్చుని చూసింది. ఆ తర్వాత ఆమెను పాడమని అడిగినవాళ్లు లేరు. క్యాసెట్ గొంతు బాగుండేది, తాళం తప్పేది కాదు, ఎవరింటి సంగతీ దానికి తెలియదు. ఇప్పుడు డీజేని తిడుతున్నవాళ్లకు ఈ సంగతి గుర్తు చేస్తుంటాను. పెద్దమ్మ నోరు మూయించింది డీజే కాదు, అంతకు ముందే ఆ పని అయిపోయింది.

చక్రి గురించి రాయకుండా నా జాబితా పూర్తి కాదు. మహబూబాబాద్ (మానుకోట) దగ్గర కంబాలపల్లి ఆయనది. 1974లో పుట్టాడు, అంటే నా ఈడువాడు. 2000లో ‘బాచి’తో సినిమాల్లోకి వచ్చి, 2014 డిసెంబరులో 40 ఏళ్లకే పోయాడు. ‘ఇడియట్’ పాటలు కాలేజీ ఫంక్షన్లలో ఎంత మోగినా, నాకు ఆయన ఆల్బమ్ అంటే 2009 నాటి ‘గోపి గోపిక గోదావరి’. దర్శకుడు వంశీ. ‘సితార’, ‘అన్వేషణ’ నాటి నుంచి వంశీ సినిమా అంటే ఇళయరాజా పాట అనే లెక్క ఒకటి జనం మనసులో ఉండేది. ఆ కుర్చీలో కూర్చోవడం తేలిక కాదు. గోదావరి వైపు మనిషి తీసిన సినిమాకు మానుకోట పక్క ఊరి మనిషి బాణీ కట్టాడు. ‘నువ్వక్కడుంటే నేనిక్కడుంటే’ తానే పాడాడు కూడా, కౌసల్యతో కలిసి. చక్రి గొంతులో తీపి ఉండదు. కొంచెం జీర, కొంచెం మొహమాటం. దూరంగా ఉన్న ఇద్దరు ఫోన్‌లో మాట్లాడుకునే పాటకు ఆ మొహమాటమే సరిపోయింది. బాలు పాడి ఉంటే ఇంకా అందంగా ఉండేది, అంత దగ్గరగా ఉండేది కాదని నా నమ్మకం.

రెండేళ్లు తిరిగేసరికి, ఉద్యమం కాగుతున్న రోజుల్లో, అదే చక్రి ‘జై బోలో తెలంగాణ’కు సంగీతం చేశాడు. గద్దర్ ‘పొడుస్తున్న పొద్దుమీద’ అందులోదే. గోదావరి పడవ పాట, తెలంగాణ పోరు పాట ఒకే మనిషి చేతిలోంచి వచ్చాయి. యాసల మీద, నదుల మీద మనం ఎంత కొట్లాడుకున్నా బాణీ ఆ గీతల్ని పట్టించుకోలేదు. ఉద్యమం గురించి నాకున్న అభిప్రాయం దీనివల్ల మారలేదు. పాట గురించి మాత్రం మారింది.

ఆ ఆల్బమ్‌ల కాలానికి మా చేతిలో ఉన్నది మెమరీ కార్డు. మొబైల్ షాపులో ఇస్తే 20 రూపాయలకు కార్డు నిండా పాటలు ఎక్కించేవాళ్లు. ఏ పాట ఏ సినిమాదో తెలియదు. చాలా పాటల పేర్లకు ఏదో వెబ్‌సైట్ పేరు తగిలించి ఉండేది. ‘నువ్వక్కడుంటే’ తర్వాత అయ్యప్ప భజన, దాని తర్వాత ఇంకేదో. మా క్యాసెట్ దుకాణాయన తోచినట్టు చేసినా ఆలోచించి చేసేవాడు. కార్డుకు ఆ ఆలోచన కూడా లేదు. అక్కడి నుంచి ఇప్పటి పద్ధతికి రావడం పెద్ద దూరమేమీ కాలేదు. ఫస్ట్ సింగిల్ అంటారు, దానికి ముందు ప్రోమో, దాని తర్వాత లిరికల్ వీడియో. సినిమా వచ్చేలోపు నాలుగు పాటలు నాలుగు నెలల్లో నాలుగు పండుగల్లా వచ్చిపోతాయి. ఒక్కో పాటా తన బతుకు తాను బతకాలి. కాబట్టి ప్రతి పాటా మొదటి పది సెకన్లలోనే చెయ్యెత్తి పిలుస్తుంది. ‘నందికొండ వాగుల్లో’ లాంటి పాట, అంటే తన వంతు కోసం ఓపిగ్గా కూర్చునే ఐదో పాట, ఇప్పుడు చేయడం సంగీత దర్శకుడికి నష్టం. తప్పు పిల్లలది కాదు.

అయినా 2023లో ‘బలగం’ వచ్చింది. సిరిసిల్ల వైపు పల్లె, వేణు యెల్దండి దర్శకుడు, భీమ్స్ సంగీతం. హనుమకొండ కాసర్ల శ్యామ్ రాసిన ‘ఊరు పల్లెటూరు’కు జాతీయ అవార్డు వచ్చింది, సంతోషమే. ఆ పాట వింటే మా ఊరు కళ్లముందుకొస్తుంది. కానీ నేను మళ్లీ మళ్లీ వినేది చివర్లో వచ్చే ‘తోడుగా మాతోడుండి’. పాడింది దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. బుడగ జంగాల కళాకారులు. చచ్చినవాళ్ల ఇంటి ముందు కథ చెప్పడం వాళ్లకు సినిమా కోసం నేర్చుకున్నది కాదు. స్టూడియో తీర్చిదిద్దని గొంతులవి. ఊళ్లలో తెరలు కట్టి ఆ సినిమా వేసినప్పుడు, విడిపోయిన అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని ఏడ్చారని అప్పట్లో పేపర్లలో వచ్చింది. 2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూశారు.

ఆ తర్వాతి ఎండాకాలం మా చిన్నాయన దినానికి ఊరికి పోయాను. భోజనాలయ్యాక వేపచెట్టు కింద పదిమందిమి కూర్చున్నాం. ఒక పిల్లవాడు ఫోన్‌లో ఆ పాట పెట్టి, చిన్న స్పీకర్‌కు కలిపాడు. ఆడవాళ్లు కొంగు నోటికి పెట్టుకున్నారు. సరిగ్గా మధ్యలో పాట ఆగి ఏదో ఆన్‌లైన్ ఆట ప్రకటన మొదలైంది. ఎవరో ఒక ఆడమనిషి గలగలా నవ్వుతూ డబ్బులు గెలుచుకోమంటోంది. పిల్లవాడు తడబడ్డాడు, స్క్రీన్ మీద వేలు పడటం లేదు.

బతుకమ్మ పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఎనభై దాటింది, చెవులు సరిగా వినిపించవు. “గదేందిరా బిడ్డా, ఆగింది?” అంది. “యాడ్ వచ్చింది పెద్దమ్మా, ఐదు సెకన్లే” అన్నాడు వాడు. ఆమెకు అర్థం కాలేదు. కాసేపు అందరి ముఖాలూ చూసింది. తర్వాత మా చిన్నాయన పేరు పెట్టి, ఆయన కల్లుకుండ, ఆయన ఎర్ర ఎద్దు, ఆయన అప్పు అన్నీ కలిపి రాగం తీసింది. పిల్లవాడు స్పీకర్ కట్టేశాడు.