పది ఎపిసోడ్ల ధైర్యం

1989లో చాలా ఇళ్లలో కనిపించే చానల్ ఒక్కటే, అదీ ప్రభుత్వానిదే. దూరదర్శన్‌కు స్వయంప్రతిపత్తి ఇచ్చే ప్రసార భారతి చట్టం అప్పటికింకా రాలేదు. దూరదర్శన్ నేరుగా కేంద్ర సమాచార, ప్రసార శాఖ చేతి కింద నడిచేది. ఆ తెర మీదే ఒక సర్దార్జీ, ముఖాన నవ్వన్నది కనిపించకుండా, ప్రభుత్వ ఉద్యోగులు దొంగ మెడికల్ బిల్లులు పెట్టి డబ్బు ఎలా రాబట్టుకుంటారో దేశమంతటికీ చూపించారు. ఆయన జస్పాల్ భట్టి. ఆ కార్యక్రమం ‘ఫ్లాప్ షో’. రాసింది, డైరెక్ట్ చేసింది, ముఖ్య పాత్ర వేసింది అన్నీ ఆయనే. నిర్మాణ భారం మోసింది భార్య సవితా భట్టి. ఆమె నటించారు కూడా. వచ్చినవి మొత్తం పది ఎపిసోడ్లు.

పదంటే పదే. మన డైలీ సీరియల్ ఒకటి రెండు వారాల్లో దాటేసే లెక్క అది. అయినా మూడున్నర దశాబ్దాలు గడిచాక కూడా, నాటి దూరదర్శన్ గురించి మాట వస్తే యాభై దాటినవాళ్లు మొదట తలుచుకునే పేర్లలో ఇది ఒకటి. అంత తక్కువ పనితో అంత కాలం నిలిచిన టీవీ రచయితలు మన దేశంలో చాలా అరుదు. ఆయన ఏం చేశారో, ఆ రోజుల్లో అది ఎలా సాధ్యమైందో ఒకసారి తిరిగి చూసుకోవడం అవసరమని మేం భావిస్తున్నాం.

భట్టి 1955 మార్చి 3న అమృత్‌సర్‌లో పుట్టారు. చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివారు. కాలేజీ రోజుల్లోనే ‘నాన్సెన్స్ క్లబ్’ పేరుతో స్నేహితులను పోగేసి, వీధి నాటకాలు వేశారు. ‘ది ట్రిబ్యూన్’ పత్రికకు కార్టూన్లు గీశారు. ఆయన టీవీ పనికి మూలం ఈ కార్టూన్లలోనే ఉందని మా అభిప్రాయం. ఒక బొమ్మ, కింద ఒక్క వాక్యం. అందులోనే విషయం తేలిపోవాలి. దూరదర్శన్‌లో ఆయనకు మొదట పేరు తెచ్చిన ‘ఉల్టా పుల్టా’ కూడా అలాంటిదే. కొద్ది నిమిషాల ముక్క, ఒకే సంగతి, అంతటితో అయిపోయేది. సాగదీత అన్నది ఆయనకు మొదటినుంచీ అలవాటు లేదు.

‘ఫ్లాప్ షో’లో ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో విషయం. మెడికల్ బిల్లులు, మూగబోయిన టెలిఫోన్, కాంట్రాక్టర్లు, ఎందుకు పెట్టారో తెలియని మీటింగులు, పీహెచ్‌డీ గైడ్లు. ఎవరి మీద ఎపిసోడ్ తీస్తే దాన్ని వాళ్లకే అంకితం ఇచ్చేవారు. చివర్లో హిందీ సినిమా పాట బాణీకి కొత్త మాటలు కట్టిన పేరడీ ఒకటి వచ్చేది. సెట్లు, ఆర్భాటాలు ఏమీ లేవు. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఫైళ్లు. హిందీ అంతంత మాత్రంగా వచ్చిన తెలుగు ఇళ్లలో కూడా జనం నవ్వారంటే కారణం అదే. ఫైలు, సంతకం, బిల్లు, సెక్షన్ ఆఫీసర్ ఏ రాష్ట్రంలోనైనా ఒకటే కదా.

మెడికల్ బిల్లుల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఉద్యోగి జబ్బుపడితే ఖర్చు ప్రభుత్వం తిరిగి ఇవ్వడమన్నది మంచి ఉద్దేశంతో పెట్టిన సదుపాయం. దాన్ని లేని జబ్బుకు, కొనని మందులకు వాడుకోవడం అందరికీ తెలిసిన బహిరంగ రహస్యం. భట్టి చూపించింది ఈ చిల్లర అవినీతినే. రాజకీయ నాయకుణ్ని తిట్టి నవ్వించడం తేలిక. నాయకుడు దూరంగా ఉంటాడు, ఆయన తప్పుకూ మనకూ సంబంధం లేదనుకోవచ్చు. దొంగ బిల్లు పెట్టే ఉద్యోగి మాత్రం పక్కింట్లోనే ఉంటాడు. ఒక్కోసారి టీవీ ముందు కూర్చుని ఆ ఎపిసోడ్ చూస్తున్నదీ అతనే. నవ్వు మధ్యలో గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉండేది అందుకే. కొన్ని ఎపిసోడ్లలో ఆ తప్పు చేసేవాడి పాత్రను భట్టి తన మీదే వేసుకున్నారు. ఎదుటివాళ్లకు వేలు చూపించే అవకాశం ఉన్నప్పుడు కూడా తనను తాను నిలబెట్టుకున్నారు. ఆయన హాస్యంలో పదును ఉండి విషం లేకపోవడానికి అది పెద్ద కారణం.

పీహెచ్‌డీ గైడు ఎపిసోడ్ మమ్మల్ని ఇప్పటికీ కలవరపెడుతుంది. పరిశోధనకు వచ్చిన విద్యార్థి గైడు ఇంటి పనులు చేస్తూ ఏళ్లు వెళ్లదీస్తాడు. మన విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో ఏ రీసెర్చ్ స్కాలర్‌ని అడిగినా ఇలాంటి కథ ఒకటి విన్నామనే చెబుతారు, పేరు మాత్రం బయటపెట్టరు. సంతకం గైడు చేతిలో ఉన్నంత కాలం ఆ భయం పోదు. మూడున్నర దశాబ్దాల కిందటి హాస్యం ఇంకా వార్తలా అనిపించడం ఆ రచయిత గొప్పతనమే. మన వ్యవస్థకు మాత్రం అది సిగ్గుచేటు.

ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. 1989 నాటికి పంజాబ్ రక్తంలో తడుస్తోంది. 1984లో ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగి అయిదేళ్లే అయింది. సిక్కు అంటే ఒక పక్క అనుమానపు చూపు, మరో పక్క సర్దార్జీ జోకులు. అలాంటి సమయంలో తలపాగాతో ఒక సిక్కు ప్రతి ఇంట్లోకీ వచ్చి, తాను జోకుగా మారకుండా తానే జోకు చెప్పారు. ఉపన్యాసాలు, ఐక్యతా గీతాలు చేయలేని పనిని ఆ కొన్ని వారాలు చేశాయని మేం గట్టిగా నమ్ముతున్నాం.

ఆ తర్వాత ఆయన టీవీకి ‘ఫుల్ టెన్షన్’ సీరియల్ తీశారు. 1999లో పంజాబ్ పోలీసుల మీద ‘మాహౌల్ ఠీక్ హై’ సినిమాకు దర్శకత్వం వహించారు. హవాలా పార్టీ, సూట్‌కేస్ పార్టీ అంటూ ఉత్తుత్తి పార్టీలు పెట్టి చండీగఢ్ వీధుల్లో నవ్వించారు. 2009లో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు రిసెషన్ పార్టీ అన్నారు. చివరి సినిమా ‘పవర్ కట్’, కరెంటు కోతల మీద. ఎలక్ట్రికల్ ఇంజినీరు తీసిన సినిమా, హీరో కొడుకు జస్‌రాజ్. దాని ప్రచారానికి ఊళ్లు తిరుగుతుండగా, విడుదలకు ఒక్క రోజు ముందు, 2012 అక్టోబర్ 25న జలంధర్ జిల్లా షాకోట్ దగ్గర కారు ప్రమాదంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 57. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటించింది.

ఆయన వేసిన బాట ఆ తర్వాత ఎటు పోయిందన్నదే మా బాధ. శాటిలైట్ చానళ్లు వచ్చాయి, టీఆర్‌పీ వచ్చింది, డబ్బు వచ్చింది. తెలుగులో కామెడీ కార్యక్రమాలకు కొదవ లేదు. నటుల్లో ప్రతిభకూ కొదవ లేదు. కొరత ఉన్నదల్లా రాతకే. పొట్టితనం మీద, లావు మీద, ఒంటి రంగు మీద, భార్య మీద వేసిన జోకే మళ్లీ మళ్లీ వస్తోంది. లంచం మీద, ఆస్పత్రి బిల్లు మీద, కాలేజీ ఫీజు మీద స్కిట్ ఎంత వెతికినా దొరకదు. తెలుగువాడికి అంతకు మించి చేతకాదనడానికి వీల్లేదు. గుణ్ణం గంగరాజు ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో నడిచింది. ఇద్దరు స్నేహితులు, ఒక చిన్న హోటల్, ఇంటి ఓనరు. అంతే సరంజామా. ఎవరి ఒంటినీ ఎగతాళి చేయకుండా ఆరేళ్లు ఇంటిల్లిపాదినీ నవ్వించింది. రాసేవాణ్ని నమ్మితే ఏం జరుగుతుందో అప్పుడే చూశాం.

భయం కూడా పెరిగింది. 2021 జనవరిలో మునవ్వర్ ఫారుకీ అనే కమెడియన్ మత భావాలను కించపరిచారన్న ఆరోపణపై ఇందౌర్‌లో అరెస్టయి, నెలకు పైగా జైల్లో ఉన్నారు. సుప్రీంకోర్టు బెయిల్ ఇస్తేనే బయటికి వచ్చారు. మరుసటి ఏడాది హైదరాబాద్ శిల్పకళావేదికలో ఆయన షో భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. ఆయన జోకులు అందరికీ నచ్చాలని లేదు. నచ్చనివాళ్లు వెళ్లకుండా ఉండవచ్చు. రాసేవాడు కలం పట్టుకునే ముందే కేసు గురించి ఆలోచించే పరిస్థితి మాత్రం మంచిది కాదు. వ్యంగ్యం సర్కారు టీవీలోనే వచ్చిన దేశం ఇది.

అందుకే మా విన్నపం ప్రసార భారతికి. దూరదర్శన్‌కు హైదరాబాద్‌లో యాదగిరి, విజయవాడలో సప్తగిరి చానళ్లున్నాయి. ప్రైవేటు చానళ్ల మాదిరి రేటింగు కోసం పరుగెత్తాల్సిన అగత్యం వాటికి లేదు. చెరో పది ఎపిసోడ్ల వ్యంగ్య కార్యక్రమాన్ని కొత్త రచయితల చేతికి ఇవ్వాలి. స్క్రిప్టును కమిటీల చుట్టూ తిప్పకుండా ఒక్క ఎడిటర్‌కు అప్పగించాలి. టైటిల్స్‌లో రచయిత పేరు ముందు వేయాలి. విషయాలకు వెతుక్కోనక్కర్లేదు. మీసేవ కౌంటర్ దగ్గర సర్వర్ డౌన్, రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటర్, ఫ్లాటు అప్పగించకుండా తిప్పే బిల్డర్, ర్యాంకుల పేరుతో పిల్లల్ని నలిపేసే ఇంటర్ హాస్టల్, సర్కారు దవాఖానాలో స్ట్రెచర్ తోసినందుకు అడిగే మామూలు, ఇవన్నీ ఎవరైనా రాయకపోతారా అని ఎదురుచూస్తున్నాయి. ‘ఫ్లాప్ షో’ పది ఎపిసోడ్లను తెలుగు సబ్‌టైటిళ్లతో మళ్లీ ప్రసారం చేస్తే అందరికంటే ముందు చూడాల్సింది ఈ కొత్త రచయితలే. దీనికయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. రెండు కేంద్రాల అధికారులూ ఈ ఏడాది ప్రణాళికలోనే దీనికి చోటు చూపించాలి.