సవరణ: హాస్టల్‌లో ర్యాగింగ్‌కు శిక్షలు

విశ్వవిద్యాలయ హాస్టళ్ల క్రమశిక్షణపై ఇంతకుముందు ప్రచురించిన వ్యాసంలో, ర్యాగింగ్‌కు పాల్పడిన విద్యార్థికి హాస్టల్ నుంచి బహిష్కరణే గరిష్ఠ శిక్ష అనీ, ఆ నిర్ణయం వార్డెన్‌దేననీ ఉన్న వాక్యానికి బదులుగా కింది వివరాన్ని చదువుకోవాలి.

సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం శిక్షను నిర్ణయించేది సంస్థలోని యాంటీ ర్యాగింగ్ కమిటీ. తప్పు తీవ్రతను బట్టి తరగతుల నుంచి సస్పెన్షన్, ఉపకార వేతనం నిలుపుదల, హాస్టల్ నుంచి బహిష్కరణ మొదలుకొని ప్రవేశం రద్దు వరకు ఏదైనా విధించవచ్చు. బాధ్యులెవరో తేలనప్పుడు సామూహిక శిక్షకూ ఆ నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. ఏ పాపం ఎరుగనివారిపైనా పడగల ఈ అధికారాన్ని కమిటీలు ఆచితూచి వాడాలన్నది మా అభిప్రాయం.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి తోడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చేసిన ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. దాని కింద, ఎగతాళి చేసి అవమానించినా 6 నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. కాబట్టి వార్డెన్ గదిలో రాజీ పత్రం రాయించుకున్నంత మాత్రాన వ్యవహారం ముగిసినట్లు కాదు; నేరం జరిగినట్లు తేలితే సంస్థాధిపతి 24 గంటల్లోగా ఎఫ్‌ఐఆర్ నమోదుకు చర్య తీసుకోవాలి.

రాత్రివేళ రాకపోకల గురించి ఆ వ్యాసంలో రాసిన భాగంలో మార్పేమీ లేదు.