శ్రీయుత 33 శాతం గారికి

అయ్యా,

కొల్లిపర మండలంలో కృష్ణ ఒడ్డు లంక నుంచి రాస్తున్నాను. తమరు క్షేమమని తలుస్తాను. తమరికేం, వరదొచ్చినా తుఫానొచ్చినా కదలరు.

నిన్న వరదకి పోయిన పంట నష్టం రాయడానికి సర్కారు మనిషి వస్తున్నాడని కబురొస్తే పదకొండింటికే వెళ్ళి కంద చేలో నిలబడ్డాను. నాలుగున్నరకి బండి వచ్చింది. మా మేనల్లుడి ఈడు కుర్రాడు. పాపం పొద్దుటి నుంచి మూడు లంకలు తిరిగాడట, ట్యాబ్‌లో చార్జింగ్ కూడా అడుగంటింది. బురదని గట్టు దిగలేదు. నన్ను చేలో నిలబెట్టి ఫొటో తీసి, "ఆకు పచ్చగానే ఉంది కద బాబాయ్" అని నష్టం 28 శాతం కొట్టాడు.

ఇరవై ఎనిమిది! పదో తరగతి పిల్లాడికి 35 వస్తే పాసు. మా పంట నష్టానికి 33 శాతం వస్తే పాసు, అప్పుడే సర్కారు సాయం. నా కంద అయిదు మార్కుల్లో తప్పింది. పిల్లాడికైతే సప్లిమెంటరీ ఉంటుంది.

తమరి కంటే ముందు ఈ కుర్చీలో 50 శాతం గారుండేవారు. 2015లో వారు దిగి తమరెక్కినప్పుడు సంతోషించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. సగం పోతే గానీ పోయినట్టు కాదనే పెద్దమనిషి కన్నా తమరు నయమే, కాదనను.

కానీ కంద సంగతి తమరికెవరూ చెప్పినట్టు లేరు. అరటి పడితే పడింది, గుంటూరు నుంచి ఎవరొచ్చి చూసినా తెలుస్తుంది. కంద అలా కాదు. అయిదు రోజులు మొక్క మొదలు దగ్గర నీళ్ళు నిలిచినా పైన గొడుగు పట్టుకుని మర్యాదగా నిలబడే ఉంటుంది. కుళ్ళేది కింద. వారం పది రోజులకి ఆకు పసుపు తిరిగి, కాడ మొదలు మెత్తబడి వాలిపోతుంది. అప్పటికి జాబితా గోడకెక్కి ఉంటుంది. కుర్రాడి ఎదురుగానే ఒక మొక్క పీకి గడ్డ చూపించాను. బొటనవేలు పెట్టి నొక్కితే మాగిన పండులోకి దిగినట్టు దిగింది. ఆ వాసనకి గట్టు మీదున్న వాడు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఇదొక్కటే కద బాబాయ్" అన్నాడు. అన్నీ పీకి చూపిస్తే నూటికి నూరు నష్టమే, కాకపోతే అది వరద చేసింది కాదు, నేను చేసుకుంది!

ఏటి లెక్క మాత్రం తప్పదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులైతే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలైతే రెండోది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలొచ్చిందని ఇప్పటికీ చెప్తారు. నీళ్ళకి దశాంశాలు, నా గడ్డకి గట్టు మీద నుంచి కంటిచూపు.

పక్కనున్న అరెకరం ఊసెత్తను. అది కౌలుది. హైదరాబాద్‌లో ఉండే ఆసామి కౌలు కార్డుకి సంతకం పెట్టడు కాబట్టి, కాగితాల ప్రకారం అక్కడికి వరద రాలేదు.

కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఇక్కడ కంద పోయింది, దురద నాకు మిగిలింది. విత్తనపు గడ్డలకి మా ఆవిడ డ్వాక్రా లోను తెచ్చింది. అయిదో తారీఖు కిస్తీ. 28 శాతం కడతానంటే ఊరుకుంటారా?

మర్యాదగానే రాద్దామని కూర్చున్నాను, కుదరడం లేదు. అసలు నువ్వెవరివయ్యా? మూడో వంతు పోతే నష్టం, నాలుగో వంతు పోతే లాభమా? ఆ పోయింది ఎవడి జేబులోకి పోయింది?

పది రోజులాగి మళ్ళీ రా. గట్టు దిగు. గునపం నేనిస్తా.

ఇట్లు,
28

తా.క.: నిన్న పీకిన మొక్క గట్టు మీదే పడేశాను. ఆకు ఇంకా పచ్చగానే ఉంది.