పై వాటా ఉద్యోగానికి అభ్యర్థులు కావలెను

విజయవాడలో చెట్టునీడ ఉన్న వీధిలో ఇల్లు అద్దెకు తీసుకోవడం గురించి జనంలో చాలా అపోహలున్నాయి. డబ్బుంటే చాలనుకోవడం వాటిలో మొదటిది. మొగల్రాజపురం, సిద్ధార్థనగర్, లబ్బీపేట, గురునానక్ కాలనీ గేట్లకు వేలాడే టు-లెట్ బోర్డు అసలు ఉద్యోగ ప్రకటన అని గ్రహించినవాడికి సగం కష్టాలు తప్పుతాయి. పోస్టు పేరు: పై వాటా మనిషి. విధులు: అమెరికాలో ఉన్న అబ్బాయి ఆస్తికి కాపలా, ఆవరణలో చెట్లకు ఊడిగం, కింద వాటాలో పెద్దవాళ్లకు చేదోడు. పనివేళలు: రాత్రీ పగలూ. జీతం: నెలకు పాతిక వేలు అనుకుందాం, ఒకటో తారీఖు పొద్దున్నే. చెల్లించాల్సింది ఉద్యోగి.

ఇలా చూసుకుంటే ఓనరు గారి ప్రవర్తనలో వంక పెట్టడానికేమీ ఉండదు. పనిలో పెట్టుకునేవాళ్లు నాలుగు ప్రశ్నలు అడగరా మరి?

ఇంటర్వ్యూ గేటు దగ్గరే, నిలబెట్టి జరుగుతుంది. గేటు లోపలికి రమ్మంటే మొదటి రౌండు దాటినట్టు. మంచినీళ్లిస్తే రెండోది.

"మీదే ఊరండీ?"

"గుడివాడ దగ్గరండీ."

"దగ్గరంటే?"

ఊరి పేరు చెప్పాలి. ఆ ఊళ్లో ఆయనకు తెలిసిన మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. "వాళ్లు మీకేమవుతారు?" ఏమీ కారని తేలాక ఇంటిపేరు అడుగుతారు. అప్పటికీ లెక్క తేలకపోతే గొంతు తగ్గించి, "ఏమనుకోకండి, మీరేవిట్లు?" అంటారు. ఆ వెంటనే, "మాకేం పట్టింపుల్లేవండీ, ఇంట్లో పెద్దావిడ ఉంది, ఆవిడ కోసం" అంటారు. ఆ పెద్దావిడని అడిగితే, తనకేమీ లేదనీ అంతా అబ్బాయి పట్టింపనీ చెబుతుంది. డాలస్‌లో ఉన్న అబ్బాయిని అడిగే వీలు ఎవరికీ లేదు కాబట్టి ఈ వీధుల్లో కులం పట్టింపు ఎవరిదో నేటికీ తేలలేదు. కులం చూసి ఇల్లు లేదన్న మాట కూడా ఏ గేటు దగ్గరా పుట్టదు. "నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారండీ" అన్న మాటే పుడుతుంది. బోర్డు మాత్రం ఇంకో రెండు నెలలు అక్కడే వేలాడుతుంది.

ఆ తర్వాత వంటగది పేపరు. బోర్డు మీదే "శాకాహారులకు మాత్రమే" అని రాసినవాళ్లు నిజాయితీపరులు, పెట్రోలు ఖర్చు మిగులుస్తారు. రాయకుండా "మీరు తింటారాండీ?" అని అడిగేవాళ్లతోనే చిక్కు. అన్నం తింటామని చెప్పడం తెలివి అనిపించుకోదు. "ఎప్పుడన్నా ఆదివారం" అన్న జవాబు ప్రస్తుతానికి చెల్లుతోంది. కోడిగుడ్డు మీద ఓనర్లలో ఏకాభిప్రాయం లేదు. చేపల పులుసు దగ్గర మాత్రం ఉంది. బ్యాచిలర్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపి కాలేజీలున్న కానూరు వైపు వెళ్లొచ్చు.

చివరి ప్రశ్న చుట్టాల గురించి, ఇది పూర్తిగా బెజవాడ ప్రశ్న. వేరే ఊళ్లో చుట్టాలు పెళ్లికో చావుకో వస్తారు. ఇక్కడ దసరాకి వస్తారు. మూలా నక్షత్రం రోజు సరస్వతీ అలంకారంలో అమ్మవారిని చూడాలని ముందురోజు సాయంత్రమే దిగి, క్యూ కోసం అర్ధరాత్రి స్నానాలు మొదలుపెడతారు. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్న లెక్కన 540 లీటర్లు చాలు. తొమ్మిది మంది చుట్టాలు తోడైతే అది 1,755 అవుతుంది, డాబా మీద ట్యాంకేమో వెయ్యి లీటర్లది. తెల్లవారుజామున మూడింటికి ట్యాంకు ఖాళీ అయితే మోటారు స్విచ్చి కింద వాటా వరండాలో, తాళం లోపల ఉంటుంది. 2028లో కృష్ణా పుష్కరాలున్న సంగతి కూడా ఓనర్లకు బాగా గుర్తుంది. మీరు గుర్తు చేయకండి.

ఎంపికైతే అపాయింట్‌మెంట్ ఆర్డరు 100 రూపాయల స్టాంపు కాగితం మీద, 11 నెలలకు ఇస్తారు. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను అసలు పాఠం; 1999 సవరణతో మన రాష్ట్రంలో ఏ లీజుకైనా అది తప్పనిసరి అయినా, 11 నెలల అలవాటు మాత్రం పోలేదు. అందుకని పన్నెండేళ్లుగా అదే వాటాలో ఉన్నవాడు కూడా కాగితం ప్రకారం ప్రొబేషన్‌లోనే ఉంటాడు. అడ్వాన్సు మూడు నెలలు అడుగుతారు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలలు మించకూడదని చెప్పిందని ఎవరైనా గుర్తుచేస్తే, ఓనరు గారు శ్రద్ధగా విని "అయితే మీరు చదువుకున్నవాళ్ల ఇల్లు చూసుకోవాలి" అంటారు. సంతకం పెట్టే ముందు నాలుగు సంగతులు చూడాలి. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, మోటారు కాలిపోతే ఎవరు చేయించాలి, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, రంగుల ఖర్చు ఎవరిది. ఈ నాలుగో దానికి ఎదురుగా ఏమీ రాసి ఉండదు. ఎందుకో వెళ్లేటప్పుడు తెలుస్తుంది.

ఇల్లు ఎవరి పేరు మీద ఉందన్నది లాంఛనం అనుకోవద్దు. తండ్రికి అద్దె కట్టినా, ఇల్లు విదేశంలో ఉంటున్న కొడుకు పేరు మీద ఉండి అద్దె ఆయన ఆదాయమే అయితే, సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవాడిది. దీనికి కనీస పరిమితి లేదు. ఇక్కడే ఉండే ఓనరైతే నెలకు 50 వేలు దాటితేనే, అదీ 2 శాతమే. ఈ విషయం ఓనరు గారికి చెప్పి, ఉద్యోగం నిలుపుకున్నవాళ్లు అరుదు.

మంచి ముహూర్తం సంగతి. ఆషాఢంలో ఎవరూ పాలు పొంగించరు కాబట్టి వాటాలు ఖాళీగా పడి ఉంటాయి, బేరానికి అంతకన్నా మంచి నెల లేదు. ఆషాఢంలో మాట్లాడుకుని శ్రావణంలో దిగడం తెలివైన పని. ఓనరు గారి తెలివి ఇంకో మెట్టు పైన ఉంటుంది. అద్దె అడ్వాన్సు ఇచ్చిన రోజు నుంచి లెక్క అంటారు. ఆ ఒక్క వాక్యం ముందే తేల్చుకోకపోతే, బేరంలో తగ్గిందంతా శ్రావణానికి ముందే వసూలైపోతుంది.

ఇక చెట్లు. అద్దెలో పెద్ద భాగం వీటికే కడుతున్నాం కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

కానుగ మాఘ ఫాల్గుణాల్లో ఆకు మొత్తం దులిపేస్తుంది. ఉగాదికి కొత్త చిగురు వేసి, వేసవిలో పూలు రాలుస్తుంది. తర్వాత కాయలు. బాదం చెట్టు ఎర్రబడ్డ పెద్దాకుల్ని వేస్తుంది, మధ్యమధ్య గబ్బిలాలు చీకి పారేసిన కాయలు. వేపకు దాని వేళలు దానికున్నాయి. అంటే ఆవరణలో మూడు రకాల చెట్లుంటే పై వాటా మనిషికి సెలవు నెల ఉండదు. ఊడ్చిన ఆకుల్ని తడి చెత్తలో వేస్తే బండివాళ్లు మూట వేరే కట్టమంటారు, తగలబెడితే పక్కింటివాళ్లు ఊరుకోరు. మూలనున్న మొక్కల కుండీల్లో కుళ్లబెట్టడమే మార్గం. ఆ కుండీలూ ఓనరు గారివే, వాటికి నీళ్లు పోయడం విధుల్లో ఉంది.

నేల మీద ఆకు నడుం నొప్పితో పోతుంది. డాబా మీద ఆకే ప్రమాదం. వాన నీరు దిగే గొట్టం మూతి నాలుగంగుళాలుంటుంది. ఎండాకాలమంతా రాలిన ఆకు దాని ముందు పేరుకుని, దుమ్ముతో కలిసి గట్టిపడుతుంది. జూన్‌లో మొదటి గట్టి వాన కురవగానే నీరు దిగక పిట్టగోడ మధ్య చెరువు కడుతుంది, స్లాబులో సన్న పగుళ్ల గుండా మీ పడకగది కప్పులోకి చెమ్మ వస్తుంది. పెచ్చు ఊడుతుంది. ఓనరు గారు పైకి వచ్చి చూసి, ఏసీ నీళ్లు అంటారు. రోహిణి కార్తె ముగిసేలోపు గొట్టం మూతి చేత్తో శుభ్రం చేసి, బుట్టలా వంచిన ఇనుప జాలీ బిగిస్తే ఈ వాదన రాదు. జాలీ ఖర్చు ఉద్యోగిదే. పిట్టగోడ పగుల్లో రావి మొలక కనిపిస్తే వేలెడు ఎత్తులో ఉండగానే పీకేయాలి. ఏడాది ఆగితే వేరు గోడలోకి పోతుంది, అప్పుడు దానికి పూజ కూడా మొదలవుతుంది.

చెట్టును కొట్టిస్తే పోతుంది కదా అనుకునేవాళ్లు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చూడాలి, అనుమతి కావాలి. కొమ్మలు నరకడానికి మాత్రం కరెంటు వాళ్లే వానలకు ముందు వస్తారు. తీగలకు తగిలే కొమ్మలు కొట్టాలని మే నెలలో, మంచి ఎండలో, లైను ఆపుతారు. కొట్టిన కొమ్మలు గేటు ముందు వదిలి వెళతారు. అవి ఎవరు తీయాలో మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది.

ప్రకటనలో "సోలార్ హీటర్ కలదు" అని ఉంటే డాబా ఎక్కి, ఉదయం తొమ్మిదికి ఒకసారీ మధ్యాహ్నం మూడింటికి ఒకసారీ దాని మీద నీడ ఎక్కడుందో చూడాలి. చెట్టునీడా సోలారూ ఒకే డాబా మీద పనిచేయవు. ప్రకటనలో మాత్రం రెంటికీ ధర పడుతుంది. తీరా దిగాక గీజరే గతి. 2,000 వాట్ల గీజరు రోజూ అరగంట వేస్తే నెలకు 30 యూనిట్లు. బోరు నీళ్ల ఉప్పు దాని కాయిల్‌కు పొరలా పట్టేకొద్దీ అరగంట కాస్తా ముప్పావు గంట అవుతుంది.

కరెంటు దగ్గరికి వచ్చాం కాబట్టి, ఈ ఉద్యోగంలో అసలు కళ ఇక్కడ కనిపిస్తుంది. 2022 నుంచి మన రాష్ట్రంలో ఇళ్లకు యూనిట్ రేటు మొదటి 30కి 1.90, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75. మీరు 200, ఓనరు గారు 200 యూనిట్లు కాల్చారనుకుందాం. వేరువేరు మీటర్లుంటే ఎవరికి వారు 867 రూపాయలు, ఇద్దరికీ కలిపి 1,734. ఇంటికి ఒకటే మీటరుండి మీకు సబ్ మీటరు పెడితే, 400 యూనిట్లూ ఒకే బిల్లులో పడి 2,548 అవుతుంది. సర్దుబాటు చార్జీలూ వగైరా వేరు. అంటే గోడకు రెండో మీటరు లేకపోవడం వల్ల నెలకు 814 రూపాయలు గాలికి పోతాయి. ఓనరు గారు దీన్ని సులువుగా పరిష్కరిస్తారు. "లెక్కలెందుకండీ, యూనిట్‌కి పది రూపాయలు." మీ 200 యూనిట్లకు 2,000 అవుతుంది, బిల్లులో మిగిలిన 548తో ఆయన ఏసీ నడుస్తుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు హాలు కొలతల కన్నా ముందు మీటర్ల గూడు చూడాలి. మీ వాటాకు విడిగా సర్వీసు నంబరుంటే పాత బకాయి ఎంతో కనుక్కుని, దిగిన రోజు రీడింగు ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయాలి.

ఒక్క మాట వ్యంగ్యం లేకుండా. కొండ కనిపించే ఇంటికి అద్దె ఎక్కువ అడుగుతారు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కొండ వైపు వాటా చూస్తే వెనక రక్షణ గోడ ఉందా, అందులో నీరు బయటికి పోయే రంధ్రాలున్నాయా, పైనుంచి వచ్చే వాన కాలువ ఎటు పోతోందో నడిచి చూడండి. ఆ మర్నాడే బుడమేరు వాగు సింగ్ నగర్‌ని ముంచింది. అప్పటినుంచి "నీళ్లు రాని ఏరియా" అన్న మాట ప్రకటనల్లో చేరి, అద్దెలోనూ చేరింది.

అద్దె పెంపుకు ఏటా కారణం వెతుక్కునే శ్రమ ఇక్కడి ఓనర్లకు లేదు. రాజధాని ఉంది. 2016లో సచివాలయం ఉద్యోగులు హైదరాబాదు నుంచి వస్తున్నారని పెంచారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు, రాజకీయాలు మనకెందుకులెమ్మని ఊరుకున్నారు. 2024లో మళ్లీ రాజకీయాల మీద ఆసక్తి కలిగింది. గుంటూరు బ్రాడీపేటలోనూ లక్ష్మీపురంలోనూ ఇదే పరిజ్ఞానం ఉంది.

రిటైర్మెంటు. కాగితంలో ఉన్నన్ని నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, నోటిమాట చెల్లదు. ఆ రోజు నుంచి వాటా చూడటానికి జనం వస్తుంటారు, ఎక్కువగా మీరు భోజనానికి కూర్చున్నప్పుడు. అడ్వాన్సు 75,000లో రంగులకు ఒక నెల అద్దె 25,000, గోడకు కొట్టిన మేకులకు, బాత్రూము పంపులకు 5,000, శుభ్రానికి 3,000, రాబోయే కరెంటు బిల్లుకు 2,000 పోగా మిగిలేది 40,000. పంపులకు పట్టిన తెల్ల ఉప్పు బోరుదని వాదించడానికి దిగిననాటి ఫోటోలు కావాలి. రంగులు వేసేది కొత్తవాళ్ల కోసం, వాళ్ల దగ్గరా వెళ్లేటప్పుడు మళ్లీ రంగుల డబ్బు కోస్తారు. ఒకే గోడకు ఇద్దరు సున్నం వేయించినా గోడ మాత్రం ఒకసారే తడుస్తుంది.

ఆ 40,000 ఎప్పుడిస్తారన్నది కొత్తవాళ్లు అడ్వాన్సు ఎప్పుడిస్తారన్న దాని మీద ఆధారపడుతుంది. సామాను లారీలోకి ఎక్కుతుండగా ఓనరు గారు గేటు దగ్గరికి వచ్చి, "మీలాంటి మంచి ఫ్యామిలీ మళ్లీ దొరకదండీ, మీకు తెలిసినవాళ్లుంటే చెప్పండి" అంటారు. తాళాలు చేతిలో ఉండగా, లారీ కదలకముందు, ఫోన్‌పే నంబరు చెప్పాల్సింది అప్పుడే.